తాళం చెవులు చేతికిచ్చే ముందు

ఒకసారి నా ఇంట్లో అద్దెకున్నావిడ ఖాళీ చేసి వెళ్లాక వంటింటి సింక్ కింద అర తలుపు తీశాను. అడుగున వేసిన ప్లైవుడ్‌ను వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి దిగిపోయింది. కుళాయికి నీళ్లు తెచ్చే ట్యూబు బిగింపు దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. ఎన్ని నెలల నుంచి కారుతోందో! నిజానికి అది ఒక రబ్బరు వాషర్ మారిస్తే తీరే పని. చివరికి అర మొత్తం విప్పించి, వెనక గోడ పెచ్చులు కొట్టించి, ఎండబెట్టి మళ్లీ పూత వేయించాల్సి వచ్చింది. ఫోన్ చేసి అడిగితే ఆవిడ ఒక్కటే మాట అంది: "ఫ్లష్ పాడైందని చెప్పినప్పుడు మీరు విసుక్కున్నారు కదండీ. మళ్లీ చెప్పడం ఎందుకులే అని కింద గిన్నె పెట్టుకున్నాను."

ఆ ఖర్చు ఎవరిదో వాదించే మొహం నాకు లేకపోయింది.

అద్దెకిచ్చిన ఇల్లు పాడవడం అనగానే మనకు తలుపులు విరగ్గొట్టేవాళ్లు, గోడలకు చిల్లులు పెట్టేవాళ్లు గుర్తొస్తారు. అలాంటివాళ్లు లేరని కాదు. కానీ నేను చూసినంతలో ఇంటిని ఎక్కువగా తినేసేది ఓనరుదాకా రాని చిన్న రిపేరే. కాబట్టి ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నీ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: ఏదైనా పాడైతే ఆ సంగతి మీకు ఎంత త్వరగా తెలుస్తుంది? పాతవాళ్లు వెళ్లి కొత్తవాళ్లు రాకముందు ఇల్లు ఖాళీగా ఉండే ఆ కొద్ది రోజులే ఈ పనులకు అనువైన సమయం. సామాను దిగిందంటే బీరువా వెనక గోడ మళ్లీ ఎప్పుడు కనిపిస్తుందో చెప్పలేం.

నీళ్లతో మొదలుపెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటర్ రీడింగ్ ఫోటో తీయండి. రెండు గంటలు ఎవరూ నీళ్లు ముట్టుకోకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె కదిలిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఎక్కువసార్లు దొంగ దొరికేది ఫ్లష్ ట్యాంకులోనే. ట్యాంకు మూత తీసి కొంచెం వంటల్లో వాడే రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా ఓ పావుగంట ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు సీలు పోయినట్టే. సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి ఏడాదికి పదివేల లీటర్లకు పైగా వృథా చేస్తుంది. ఆ నీళ్లన్నీ డ్రెయిన్‌లోకే పోతే బిల్లుతో పోతుంది. గోడలోకి దిగాయంటే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

సింకులు, వాష్‌బేసిన్ల కింద ఉండే మెలికల ట్యూబులను పొడి టిష్యూ పేపరుతో తుడిచి చూడండి. కంటికి కనబడని తడి కాగితం మీద మచ్చగా తేలుతుంది. పైన అల్లిన స్టీలు తీగ తుప్పు పట్టినా, ఎక్కడైనా ఉబ్బినా ఆలోచించకుండా మార్చేయండి. ట్యూబుల ధర చాలా తక్కువ. ఎవరూ ఇంట్లో లేనప్పుడు ఒకటి పగిలితే గంటల తరబడి పూర్తి ఒత్తిడితో నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. వాషింగ్ మెషిన్ ట్యూబు సంగతీ అంతే.

కింద ఇంకో ఇల్లు ఉంటే బాత్రూమ్‌కు నీళ్ల పరీక్ష చేయించండి. డ్రెయిన్ మూసేసి, గడప దాటకుండా నేల మీద నీళ్లు నిలిపి 24 గంటలు ఉంచాలి. తర్వాత కింది ఇంటి కప్పు చూడాలి. టైల్స్ నీళ్లను ఆపుతాయని చాలామంది అనుకుంటారు. కానీ ఆపేది టైల్స్ కింద వేసిన వాటర్‌ప్రూఫింగ్ పొర. టైల్స్ మధ్య గ్రౌట్ ఊడి, కింద పొర కూడా చిట్లిందంటే ప్రతి స్నానానికీ కొన్ని నీళ్లు శ్లాబులోకి ఇంకుతాయి. ఇందులో అద్దెకున్నవాళ్ల తప్పేమీ ఉండదు. అయినా కింది ఇంటివాళ్లతో మాటలు పడేది మాత్రం వాళ్లే.

ఇక మెయిన్ వాల్వ్. ఏళ్ల తరబడి తిప్పకుండా వదిలేస్తే అది బిగుసుకుపోతుంది. సరిగ్గా అవసరమైన రోజు ఇద్దరు పట్టుకున్నా కదలదు. ఒకసారి పూర్తిగా మూసి, తెరిచి చూసుకోండి. ఆ పక్కనే 'నీళ్లు ఆపాలంటే ఇది' అని చీటీ అంటించండి. కొత్తవాళ్లు వచ్చిన రోజు వాళ్ల చేతే తిప్పించండి. చూపించడం వేరు, తిప్పించడం వేరు. కంగారులో చెయ్యి ఎటు తిరగాలో గుర్తుండేది ఒకసారి తిప్పినవాళ్లకే.

ఇల్లు కొన్ని వారాలు ఖాళీగా ఉండబోతుంటే ప్రతి డ్రెయిన్‌లోనూ అప్పుడప్పుడు ఒక చెంబు నీళ్లు పోయండి. డ్రెయిన్ కింద వంపులో నిలిచే నీరే మురుగు వాసనను, పురుగులను ఆపేది. అది ఎండిపోతే ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటారు.

చెమ్మ, బూజు

అద్దె ఇళ్లలో తరచుగా వచ్చే తగువు ఇదే. ఓనరు "కిటికీలు తెరవరు, అందుకే" అంటాడు. ఉంటున్నవాళ్లు "గోడే తడి" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. గోడ మీద అరచేతికి రెండింతలుండే ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒకట్రెండు రోజులు వదిలేయండి. ప్లాస్టిక్‌కూ గోడకూ మధ్య తడి చేరితే చెమ్మ గోడలోంచి వస్తోందని అర్థం, అది మీ పని. పైవైపు తడి ఉంటే గదిలోని గాలి తేమే చల్లటి గోడ మీద నీరవుతోందని. వంట ఆవిరి, స్నానాల ఆవిరి, గదుల్లో ఆరేసే బట్టలు దానికి కారణం. మెషిన్ నిండా ఉతికిన బట్టలు గదిలో ఆరితే రెండు లీటర్ల దాకా నీళ్లు గాలిలో కలుస్తాయి.

గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకుంటే బూజుకు చోటు ఉండదు. బాత్రూమ్‌లో, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందా, గాలిని నిజంగా బయటికి నెడుతోందా చూడండి. జాలీకి టిష్యూ పేపరు ముక్క ఆనిస్తే అతుక్కుని నిలబడాలి. ఎండలేని గది ఉంటే అక్కడ పెద్ద బీరువాను గోడకు ఆనించొద్దని, నాలుగు వేళ్ల సందు వదలమని కొత్తవాళ్లకు ముందే చెప్పండి.

గోడ అడుగున తెల్లటి పొడి పేరుకుందంటే ఇటుకలోంచి నీళ్లు ఉప్పును మోసుకొచ్చి, ఆవిరై, ఉప్పును పైన వదిలేశాయన్నమాట. దాని మీద రంగు వేసి అద్దెకివ్వడం చాలామంది చేసే పని. నేనూ చేశాను. కొన్నాళ్లకే ఆ రంగు బుడగలు బుడగలుగా లేచి ఊడింది. పైగా అద్దెకు దిగినవాళ్ల దృష్టిలో నేను తెలిసే దాచినవాడినయ్యాను. ఆ తర్వాత నేను చెప్పిన ఏ మాటనూ వాళ్లు నమ్మలేదు.

వానలకు ముందు పైకప్పు మీద నీళ్లు దిగే గొట్టాల మూతులు శుభ్రం చేయించండి. నాలుగు ఎండుటాకులు చాలు, పైకప్పు చెరువు కావడానికి. ఏసీ నీళ్లు పోయే సన్నటి పైపులో జిగురు పట్టినా గోడ తడుస్తుంది, సర్వీసింగ్‌లో దాన్నీ కడగమని గుర్తు చేయండి.

కరెంటు, గ్యాస్

ఇక్కడ సొంత ప్రయోగాలు వద్దు. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్, వైరింగ్ చూపించి కాగితం మీద రాయించుకోండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసేలా, మనుషుల ప్రాణం కోసం పెట్టే లీకేజీ బ్రేకర్ 30 మిల్లీ ఆంపియర్లది ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ నొక్కగానే పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. గీజర్, ఏసీ, హీటర్ లాంటివి ఏ సాకెట్‌లో పెట్టాలో చూపించండి. మామూలు సాకెట్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి హీటర్ నడిపితే ప్లగ్గులు కరగొచ్చు. గ్యాస్ ట్యూబు మీద ముద్రించిన గడువు తేదీ చూడండి. పొగ అలారం ఉంటే బ్యాటరీ మార్చి, ఒకసారి మోగించి చూపించండి.

ఫోటోలు, వీడియో, సంతకాలు

ఇల్లు ఇచ్చేరోజు ఎలా ఉందో మీకు బాగా గుర్తుందని మీరు అనుకుంటారు. మూడేళ్ల తర్వాత వాళ్లకూ బాగానే గుర్తుంటుంది, ఇంకోలా. పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఆపకుండా నెమ్మదిగా ఒకే వీడియో తీయండి. ప్రతి గదిలో నాలుగు గోడలు, కప్పు, నేల, కిటికీ అద్దాలు, అరల లోపలి భాగాలు రావాలి. ముందే ఉన్న గీతలు, పగిలిన టైల్ లాంటివి విడిగా దగ్గర నుంచి ఫోటో తీయండి. పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది. మీటర్ రీడింగులు, మీరిచ్చిన వస్తువుల సీరియల్ నంబర్లు, తాళం చెవుల సంఖ్య రాసుకోండి. ఇదంతా అదే రోజు వాళ్లకు ఈమెయిల్ చేయండి. తేదీకి అదే సాక్ష్యం. 'ఇందులో లేని లోపం మీకేదైనా కనిపిస్తే వారంలోపు ఫోటో పంపండి' అని రాయడం మాత్రం మర్చిపోవద్దు. వాళ్లు పంపిన జాబితా మీకు ఇబ్బందిగా అనిపించినా భద్రంగా దాచుకోండి. రెండు వైపులా ఒప్పుకున్న కాగితం ఉంటే తర్వాత గొంతులు లేవవు.

వాడకం వల్ల వచ్చే అరుగుదల వేరు, నష్టం వేరు. గోడ రంగు వెలిసిపోవడం, తలుపు పిడి మెరుపు పోవడం, నడిచే దారిలో నేల మసకబారడం అరుగుదల. దానికి డిపాజిట్‌లో కోత పెట్టకూడదు. కాలిన మచ్చ, పగిలిన బేసిన్, తలుపుకు పడ్డ రంధ్రం నష్టం. నష్టం జరిగినా కొత్త వస్తువు పూర్తి ధర అడగడం న్యాయం కాదు. ఐదేళ్లు రావాల్సిన రంగు మూడేళ్లకు వాళ్ల వల్ల పాడైందనుకోండి, మిగిలిన రెండేళ్ల వంతే, అంటే ఐదింట రెండు వంతులే వాళ్ల మీద పడాలి. ఈ లెక్కను అగ్రిమెంట్‌లో ముందే రాసుకుంటే చివర్లో బేరాలుండవు.

అగ్రిమెంట్‌లో ఏం రాయాలి

లీకు, చెమ్మ, కరెంటు షాక్ లాంటివి కనిపిస్తే 24 గంటల్లో చెప్పాలని రాయండి. దాని కిందే, చెప్పిన ఎన్ని గంటల్లో మీరు స్పందిస్తారో కూడా రాయండి. మొదటిది రాసి రెండోది వదిలేస్తే ఆ షరతు పనిచేయదు. ఎక్కడ డ్రిల్ చేయొచ్చు, ఎక్కడ కూడదు, ఎంతమంది ఉంటారు, వేరేవాళ్లకు అద్దెకివ్వొచ్చా, పెంపుడు జంతువులుంటే ఏంటి అన్నవి కూడా స్పష్టంగా ఉండాలి. స్విచ్ బోర్డుకు నేరుగా పైన, కింద గోడలో వైర్లు పోతుంటాయి కాబట్టి అక్కడ డ్రిల్లింగ్ వద్దని కారణంతో సహా చెబితే వింటారు.

'చిన్న రిపేర్లన్నీ అద్దెకున్నవాళ్లవే' అనే షరతు నాకు నచ్చదు. చూడ్డానికి మనకు లాభమే. అయితే తన జేబులోంచి పోయేదైతే ఎవరైనా రిపేరును వాయిదా వేస్తారు, లేదా టేపు చుట్టి సరిపెడతారు. అందుకే ప్లంబింగ్ ఎంత చిన్నదైనా నా ఖర్చే అని రాస్తాను. బల్బులు, బ్యాటరీలు వాళ్లవి.

మూడు నెలలకోసారి వచ్చి చూస్తానని ముందే చెప్పి పెట్టండి. వెళ్లే ముందు కనీసం ఒక రోజు ముందుగా తెలియజేయండి. చాలాచోట్ల ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. ఇల్లు మీదే అయినా ఉంటున్నది వాళ్లు. వెళ్లాక వాళ్ల సామాను మీద కాకుండా సింకుల కింద, కప్పు మూలల్లో చూడండి.

కొత్తవాళ్ల గురించి విచారించేటప్పుడు ప్రస్తుత ఓనరుతో ఆగిపోవద్దు. వదిలించుకోవాలనుకున్నవాళ్లను ఆయన తెగ పొగడొచ్చు. అంతకుముందు ఓనరును అడగండి, ఆయనకు ఇప్పుడు దాచాల్సిన అవసరం లేదు.

ఇన్సూరెన్స్ ఉంటే, ఇల్లు అద్దెకిచ్చిన సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. సొంతానికి ఉంటున్నట్టు తీసుకున్న పాలసీ అద్దె ఇంటికి పనిచేయకపోవచ్చు. నెలల తరబడి కారిన లీకును చాలా పాలసీలు ఒప్పుకోవు. ఇల్లు 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే కవరేజీ తగ్గించే షరతులూ మామూలే. ఆ పేరాలు చదివి సంతకం పెట్టండి.

ఏదైనా జరిగిన రోజు

ఫోన్ రాగానే "ఎలా జరిగింది, ఎవరు చేశారు" అని మొదలుపెట్టొద్దు. ముందు వాల్వ్ కట్టించండి, తడి చేరిన చోట కరెంటు ఆపించండి. శుభ్రం చేసేముందు ఫోటోలు తీయమనండి. తర్వాత ఆరబెట్టడం. తడిసిన చెక్క, జిప్సమ్ బోర్డు, పరుపులాంటి వాటి మీద 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవుతుంది. ప్లంబర్ తీసేసిన పాత భాగాన్ని పారేయనివ్వకండి, కవర్‌లో వేసి తేదీ రాసి ఉంచండి. అది పాతబడి పగిలిందో, దెబ్బ తగిలి పగిలిందో చెప్పేది అదే. ఖర్చు ఎవరిదన్న మాట ఇల్లు ఆరాక, ఇద్దరూ చల్లబడ్డాక మాట్లాడుకోవచ్చు. కోపంలో కరెంటు తీసేయడం, తాళం మార్చడం లాంటివి మాత్రం చేయొద్దు. నష్టపోయింది మీరే అయినా కేసు మీ మీదే పడుతుంది.

ఖాళీ చేసేరోజు సామాను పూర్తిగా తీసేశాక, చెవులు తీసుకోకముందు, వాళ్లతో కలిసే ఇల్లంతా తిరగండి. మొదటి రోజు వీడియోను ఫోన్‌లో పెట్టుకుని గది గదికీ పోల్చండి. కోత పెట్టేది ఏదైనా ఉంటే అక్కడే చూపించి, బిల్లు కాపీతో పాటు మిగిలిన డిపాజిట్‌ను ఒప్పుకున్న గడువులో పంపండి. చెవులు లెక్కపెట్టి తీసుకున్నా బయటి తాళం సిలిండర్ మాత్రం మార్చేయండి, కాపీలు ఎన్ని తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత మళ్లీ నీళ్ల మీటర్ దగ్గరికి.