చెరువు లేకుండా బాతులు: ఈస్ట్‌తో పులిసిన దాణా ఎలా చేసుకోవాలి?

బాతులు పెంచాలంటే చెరువు ఉండాలని చాలామంది మొదట్లోనే ఆగిపోతారు. మాది విజయవాడ శివారు, ఇంటి వెనక కాస్త ఖాళీ జాగా, ఎండాకాలం కాలవలు కట్టేస్తే బోరు నీళ్లే దిక్కు. అయినా పది బాతులు హాయిగా తిరుగుతున్నాయి. ఈత లేకపోయినా అవి బతుకుతాయి. కానీ తల మొత్తం ముంచుకునేంత లోతు నీళ్లు మాత్రం రోజూ ఉండాలి, లేకపోతే ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి, కళ్లు పుసి కడతాయి.

పది బాతులకు ఒక రోజుకి కలిపే కొలత చెబుతాను. ఇది వాటి మామూలు దాణాకి తోడు మాత్రమే, దాణా మొత్తం ఇదే పెట్టకండి.

ముందు వంద గ్రాముల నూకలు మెత్తగా ఉడికించి చల్లార్చండి. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చిన్న బెల్లం ముక్క కరిగించి, అర టీస్పూన్ డ్రై ఈస్ట్ వేసి పది నిమిషాలు వదిలేయండి. బేకరీ సామాన్లు అమ్మే కొట్లో దొరికే ఈస్టే చాలు. పైన నురగ రాకపోతే ఆ ఈస్ట్ చచ్చిపోయినట్టే, కొత్తది తెచ్చుకోండి. నీళ్లు మరీ వేడిగా ఉన్నా ఇదే జరుగుతుంది.

ఇప్పుడు మూడు వందల గ్రాముల తవుడులో నూకలు, ఈస్ట్ నీళ్లు పోసి కలపండి. తవుడు మిల్లు నుంచి కొత్తగా తెచ్చినదే వాడాలి, అందులో నూనె ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకే కనరెక్కుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. పొడిగా ఉంటే ఇంకొన్ని నీళ్లు చల్లండి. దీన్ని స్టీలు గిన్నెలో సగం వరకే నింపి, పైన గుడ్డ కట్టి నీడలో పెట్టండి. బిగుతు మూత పెట్టొద్దు, లోపల గ్యాస్ తయారవుతుంది. చలికాలంలో ఒక రోజు పడుతుంది, మన మే నెల ఎండల్లో పొద్దున కలిపితే సాయంత్రానికే సిద్ధం. బెల్లం ఎక్కువ వేసినా, రోజుల తరబడి ఉంచినా సారా అవుతుంది, అది బాతులకు మంచిది కాదు.

తీయగా, కొంచెం పుల్లగా, ఇడ్లీ పిండిలా వాసన రావాలి. కుళ్లు వాసన వచ్చినా, ఆకుపచ్చో నల్లగానో బూజు కనిపించినా పైపైన తీసేసి వాడేద్దామని చూడకండి, మొత్తం పారేయండి. బూజు విషం అఫ్లాటాక్సిన్ బాతు పిల్లలను కోడిపిల్లల కంటే చాలా త్వరగా దెబ్బతీస్తుంది, పులియబెట్టినంత మాత్రాన అది పోదు. గుంటూరు వైపు వేరుశనగ చెక్క దాణాలో కలిపేవాళ్లు నిల్వ సరుకు అసలు ముట్టుకోవద్దు.

బాతు పిల్లల విషయంలో నేను పొరపాటు పడ్డాను. కోడిపిల్లల దాణాయే పెడుతుంటే రెండు పిల్లలు కాళ్లు వంకరపోయి, మడమల మీద పాకడం మొదలుపెట్టాయి. కాల్షియం తక్కువేమో అనుకున్నాను, అసలు కారణం నయాసిన్, అంటే బి3 విటమిన్, తక్కువ కావడం. బాతు పిల్లలకు కిలో దాణాలో సుమారు 55 మిల్లీగ్రాములు కావాలి, కోడిపిల్లలకు అంత అవసరం లేదు. పులిసిన దాణాలో వేసిన చిటికెడు ఈస్ట్‌తో ఆ లోటు తీరదు. అందుకే పిల్లలకు విడిగా ఎండబెట్టిన బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) పొడి దాణాలో కలపాలి, లేదా పశువైద్యుడిని అడిగి నయాసిన్ వాడాలి. కాళ్లు పూర్తిగా వంగిపోయేదాకా ఆగితే తిరిగి సరికావడం కష్టం.

పెట్టేటప్పుడు ఒక గంటలో తినేంతే పెట్టండి, మిగిలింది తీసేయండి. పక్కనే నీళ్లు తప్పనిసరి, లేకపోతే మేత గొంతులో పట్టేస్తుంది. రాత్రి మేత, నీళ్లు రెండూ ఎత్తేయండి. నీళ్లకి టబ్బు అక్కర్లేదు, సన్న మూతి బకెట్ అయితే తల ముంచుతాయి గానీ లోపలికి దూకలేవు, నీళ్లు బాగా కలిసొస్తాయి. బకెట్ కింద ఇటుకలు, ఆ ఇటుకల పైన జాలీ పెడితే బురద కాదు. రోజుకి రెండుసార్లు మార్చి, మురికి నీళ్లు అరటి పాదులోకి వదిలితే సరి, మాది ఈ ఏడు రెండు గెలలు వేసింది.