వెల్డర్‌గా పని కావాలంటే పైపు తిప్పకండి

నేను మొదటి ట్రేడ్ టెస్ట్‌లో ఫెయిలయ్యాను. అప్పటికి మూడేళ్లుగా రాడ్డు పడుతున్నాను, గేట్లు, షెడ్లు చాలానే చేశాను, నాకేంటి అన్న ధీమా ఉండేది. టెస్ట్‌లో పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, దాన్ని కదపకుండా చుట్టూ వెల్డింగ్ చేయమన్నారు. 6జీ అంటే అదే. పైభాగం బాగానే వచ్చింది. అడుగున, గడియారంలో 6 ఉండే చోట, రూట్ (జాయింట్‌లో మొట్టమొదట వేసే పొర) లోపలి వైపు గుంట పడిపోయింది.

ప్రాక్టీసంతా పైపును చేతికి అనువుగా తిప్పుకుంటూ చేశాను, అదీ నా తప్పు. తలపైన చేసేటప్పుడు కరిగిన లోహం తన బరువుకి మన వైపే జారుతుంది, లోపల గుంట మిగులుతుంది. ఆర్క్ పొట్టిగా పట్టి, రాడ్డును కీహోల్‌లోకి, అంటే ఆర్క్ ముందు తెరుచుకునే చిన్న రంధ్రంలోకి, పైకి నెట్టాలి. ఇది చెబితే రాదు. అడుగు నుంచి మొదలుపెట్టి పైకి రావడం, ఆపిన ప్రతిచోటా గ్రైండర్‌తో పలచగా ఏటవాలు చేసి మళ్లీ అందుకోవడం, ఇవే రోజూ చేయండి. ముందు ప్లేటు మీద 3జీ (నిలువుగా), 4జీ (తలపైన) చేతికి రావాలి. తర్వాతే పైపు జోలికి వెళ్లండి.

ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్‌లో వెల్డర్ల అర్హత గురించి చెప్పే సెక్షన్ 9 కింద పైపు మీద 6జీ గ్రూవ్ (అంచుల మధ్య గాడిని నింపే వెల్డ్) పాసైతే మిగతా పొజిషన్లన్నిటికీ అర్హత వచ్చినట్టే. 2 అంగుళాల పైపు మీద పాసైతే బయటి వ్యాసం 25 మి.మీ. నుంచి ఎంత పెద్ద పైపైనా చేయొచ్చు. మందం లెక్క మాత్రం వేరు. అందుకే టెస్ట్ పైపు ఏ సైజు, ఎంత మందం అని ముందే అడగండి, మొహమాటపడకండి.

ఇంకో మాట. టెస్ట్ పెట్టేవాళ్లు జాయింట్ ఒక్కటే చూడరు. 7018 రాడ్డు (తక్కువ హైడ్రోజన్ రకం) ఎక్కణ్ణుంచి తీస్తున్నారో కూడా గమనిస్తారు. అది తేమ పీలిస్తే వెల్డ్‌లోకి హైడ్రోజన్ చేరుతుంది, పగులు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు బయటపడుతుంది. వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసేవాడికి పని తెలుసని వాళ్లకి అర్థమవుతుంది.

బయోడేటాలో 'వెల్డింగ్ తెలుసు' అని రాయకండి. 'ఆర్గాన్ రూట్, 7018 ఫిల్లింగ్, 6జీ, కార్బన్ స్టీల్, 2 అంగుళాలు' అని (అంటే మొదటి పొర ఆర్గాన్ వెల్డింగ్‌తో, పై పొరలు 7018తో) రాస్తే ఫోర్‌మన్ ఒక్క చూపులో తేల్చుకుంటాడు. నాకైతే ఎక్కువ పనులు ఫిట్టర్ల నోటి మాట మీదే వచ్చాయి. షట్‌డౌన్ (మరమ్మతులకి ప్లాంటు ఆపడం) ఎక్కడ మొదలవుతుందో వాళ్లకి ముందే తెలుస్తుంది. ఫిట్టర్‌తో గొడవ పెట్టుకునే వెల్డర్‌ని నేను ఇప్పటికీ అర్థం చేసుకోలేను.

కొత్త చోట మళ్లీ టెస్ట్ పెడితే చిన్నతనంగా అనుకోవద్దు. ఏ కంపెనీ వెల్డర్లకు ఆ కంపెనీదే బాధ్యత. పైగా ఒక పద్ధతిలో (రాడ్డు, ఆర్గాన్ లాంటివి) 6 నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ పద్ధతిలో అర్హత పోతుంది. అందుకని నేనో చిన్న నోటుపుస్తకం పెట్టుకున్నాను. తేదీ, జాయింట్, పద్ధతి రాసి సూపర్‌వైజర్ చేత సంతకం చేయించుకుంటాను. అందరూ నవ్వేవారు. ఒకసారి ఒక కంపెనీ పాత రికార్డు పోగొట్టుకుంది, నా పుస్తకం చూపించాకే పనిలోకి రానిచ్చారు.

కార్బన్ స్టీల్ చేయి తిరిగాక స్టెయిన్‌లెస్ నేర్చుకోండి. పైపు లోపల ఆర్గాన్ నింపి పర్జ్ చేయడం, అంటే గాలిని బయటికి తోసేయడం, సరిగ్గా వచ్చినవాళ్లు తక్కువ, వాళ్లకి కబురు త్వరగా వస్తుంది. కానీ ఆ పొగలో ఉండే ఒక రకం క్రోమియం క్యాన్సర్‌కి దారి తీస్తుంది, కాబట్టి ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు, రెస్పిరేటర్ కావాలి. జింకు పూత ఉన్న ఇనుమైతే పూత గీకేసి చేయండి. గీకకుండా చేసిన రోజు సాయంత్రం నాకు చలిజ్వరం వచ్చింది.

నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. హెల్మెట్ లోపల పెట్టుకునే భూతద్దం లెన్స్ దొరుకుతుంది. పంతానికి పోయి ఏడాదిపాటు దాన్ని ముట్టలేదు నేను. ఎక్స్‌రేలో నా జాయింట్లకి ఎక్కువ రిపేర్లు వచ్చింది ఆ ఏడాదే.