పాత ఎయిర్ గన్‌తో పాఠాలు – 3: ఒక్క చుక్క అన్నానా లేదా?

ఈసారి గన్ ఎలా పట్టుకోవాలో చెప్పాలి. చెప్తాను గానీ ముందు పోయిన పాఠం పొగ వదిలించాలి. పిస్టన్ ముందుండే తోలు వాషర్ ఎండిపోతే గాలి కారిపోతుంది, ఒక్క చుక్క నూనె వేయండి అన్నాను. పలమనేరు తమ్ముడొకడు కుట్టుమిషన్ నూనె అర మూత పోశాడు. "అన్నా, టపాసులా పేలింది, పొగ కూడా వచ్చింది, పవర్ పెరిగినట్టుంది" అని సంబరం. ఇంకొకాయన చెనిక్కాయల నూనె పోశాడు, దాని గురించి నేను మాట్లాడను.

అది పవర్ కాదు నాయనా. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి కాగిపోతుంది, అందులో నూనె ఆవిరి ఉంటే అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్‌లో జరిగేదీ ఇదే, కాకపోతే దాన్ని అందుకోసమే కట్టారు. ఇక్కడ ఆ దెబ్బ వాషర్ మీదా స్ప్రింగు మీదా పడుతుంది. పైగా ఒక్కో పెల్లెట్ (గన్‌లో పెట్టే చిన్న గుండు) ఒక్కో వేగంతో పోతుంది, ఇక గురి చూసి ఏం లాభం? పోసేసినవాళ్లు పొగ ఆగేదాకా కాల్చండి, అదీ పెల్లెట్ పెట్టే. ఖాళీగా కాలిస్తే పిస్టన్‌ని ఆపే గాలి ఉండదు, పోయి ఇనుముకే గుద్దుకుంటుంది. తోలు వాషర్ బదులు ప్లాస్టిక్ సీల్ ఉన్న గన్ అయితే ఆ ఒక్క చుక్క కూడా వద్దు. నేనైతే సిలికాన్ నూనె తప్ప వేరేది ముట్టను.

ఇంత గొడవున్నా పాతవాటి మీదే నాకు మోజు. నా గన్ వాషర్ పోతే తిరుపతిలో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర మందపాటి తోలు ముక్క తెచ్చుకున్నాను. గుండ్రంగా కోసి, నీళ్లలో తడిపి, సైజు గొట్టంలోకి కుక్కితే చిన్న గిన్నెలా వంగింది. ఆరాక నూనెలో నానబెట్టి బిగించాను. అంతే, మళ్లీ ఊపిరొచ్చింది.

ఇక పట్టు. గంగజాతరలో బుడగలు కొట్టేవాళ్లను చూడండి, గన్ గొంతు పిసికేస్తుంటారు. స్ప్రింగు గన్ మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ చివరికి చేరగానే ముందుకు గుంజుతుంది, ఇదంతా మొదలయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా బ్యారల్లోనే ఉంటుంది. దాన్ని ఆపలేరు, ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి. ఎడమ అరచెయ్యి చాపి గన్‌ని దాని మీద పెట్టుకోండి, వేళ్లు ముయ్యొద్దు. భుజానికి ఆనించండి, అదమొద్దు. పిట్టగోడ మీద నేరుగా ఆనిస్తే గురి తప్పుతుంది. బ్యారల్ వంచి పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చెయ్యి బ్యారల్‌ని వదలకూడదు.

ప్రాక్టీసు: 10 మీటర్లు, 50 పెల్లెట్లు, కాగితానికి 5 చొప్పున. వెనక పాత గుడ్డలు కుక్కిన అట్టపెట్టె, దాని వెనక మందపాటి చెక్క, కళ్లకు అద్దాలు. పావురాల జోలికి పోవద్దు. ఎంత పక్కకు పోతున్నా గన్ మీద గురి చూసే సైటు తిప్పొద్దు, మధ్యలో తగలడం ఇప్పుడు మన పని కాదు, 5 చిల్లులూ ఒకచోట పడాలి. 10 కాగితాల మీదా వరస నంబరు వేసి దాచండి, నాలుగో పాఠం వాటితోనే. నూనె సీసా మాత్రం అమ్మకిచ్చేయండి.