కేసు ఫొటో పోస్ట్ చేసే ముందు: డాక్టర్లకు కొన్ని జాగ్రత్తలు

• ఎక్స్‌రే, స్కాన్ ఫొటో అయితే మూలలు జూమ్ చేసి చూడండి. పేరు, వయసు, తేదీ, సెంటర్ పేరు అక్కడే నక్కి ఉంటాయి. కత్తిరించి కొత్తగా సేవ్ చేయండి.

• కళ్ల మీద నల్లపట్టీ వేశాం కదా అనుకోవద్దు. చేతి మీది పచ్చబొట్టు చాలు, ఊళ్లోవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అరుదైన జబ్బు, ఊరి పేరు, "నిన్న రాత్రి వచ్చిన కేసు" కలిస్తే అసలు ఫొటోతో పనే లేదు.

• రోగి అనుమతి రాతలో ఉందా? ఆపరేషన్‌కు పెట్టిన సంతకం దీనికి పనికిరాదు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చిన నిబంధనల్లో సోషల్ మీడియా మార్గదర్శకాలూ ఉండేవి. అదే నెలలో వాటిని పక్కన పెట్టారు. అంతమాత్రాన అడ్డు లేదనుకోకండి, 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి అమల్లోనే ఉంది. ప్రచారం కోసం గొప్పలు చెప్పుకోవడాన్నీ అది ఒప్పుకోదు.

• "డాక్టర్ గారూ, మా అమ్మకూ ఇంతే, ఏ మాత్ర వేయమంటారు?" అని కామెంట్ వస్తుంది, తప్పదు. మందు పేరు, డోసు రాయకండి. చూపించుకోమని చెప్పండి.

• డాక్టర్ల వాట్సాప్ గ్రూపే కదా అంటారా? స్క్రీన్‌షాట్‌కు గ్రూపు గోడలు అడ్డుకావు.

• డ్యూటీలో విసుగొచ్చి రాసిందైతే పొద్దున దాకా డ్రాఫ్ట్‌లోనే ఉంచండి.