చెన్నైలో సంక్రాంతికి ముందు వంటింటి కబోర్డులకు రంగు: జాగ్రత్తలు

పాత రంగును పొడిగా గీకొద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్‌లో ఎక్కువే ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లల మెదడుకు చేటు. వాటర్ పేపర్ (నీళ్లకు చిరగని గరుకు కాగితం) తడిపి రుద్దండి, నీళ్లు మాత్రం కారనివ్వకండి, ప్లైవుడ్ ఉబ్బుతుంది. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ పూట ఇంకెక్కడికైనా పంపండి.

థిన్నర్ మూత తీసేముందు స్టవ్, దేవుడి దగ్గర దీపం ఆర్పండి. ఆవిరి భగ్గున అంటుకుంటుంది.

రుద్దకముందే జిడ్డు వదిలించండి. స్టవ్ పైనున్న తలుపు అంచు వేలితో తడిమితే తాళింపు జిడ్డు బంకగా తగులుతుంది. దానిమీద ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) నిలవదు.

సన్‌మైకా అయితే మెరుపు పోయేదాకా రుద్ది, దానికి పట్టే ప్రైమరే అడిగి తెచ్చుకోండి.

ముసురు ఉంటే ఆగండి, పండగ దాటినా సరే. తేమకు ఎనామిల్ ఆరక తలుపులు అతుక్కుపోతాయి.