ఒడ్డు నుంచి సముద్రంలోకి – నాలుగో పాఠం: నీరు తేరుకునే చోటు

కిందటి పాఠంలో ఒక పని అప్పగించాను. ఫోనులో ఉపగ్రహ చిత్రం తెరిచి, విశాఖ తీరంలో సాగర్‌నగర్ నుంచి భీమునిపట్నం (భీమిలి) దాకా ఒడ్డును ఆనుకొని నీటి కింద నల్లగా కనిపించే మచ్చలను గుర్తించమన్నాను. ఇసుక అడుగు లేత రంగులో, రాతి అడుగు ముదురు రంగులో కనిపిస్తుంది. ఆ పని చేసినవారి దగ్గర ఈపాటికి అయిదారు చోట్ల పట్టిక ఉండాలి. వాటిలో ఏది డైవింగుకు పనికొస్తుందో ఒడ్డు మీదనే తేల్చుకోవడం ఈ పాఠం. ఈసారి కూడా ఎవరూ మునగనక్కరలేదు.

అండమాన్ ఫొటోలు మనసులో పెట్టుకొని విశాఖ సముద్రాన్ని చూస్తే నిరాశే మిగులుతుంది. ఏడాది పొడవునా అద్దంలా ఉండే నీళ్ళు ఇక్కడ లేవు. మనం వెతకవలసింది కలక త్వరగా దిగిపోయే చోటును. వెనుకటి రోజుల్లో ఏటి నీళ్ళు తెచ్చుకున్నాక చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేవారు. మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కొని, బరువెక్కి అడుగుకు చేరేవి. సముద్రంలో ఆ పని ఉప్పు చేస్తుంది. గెడ్డ, అంటే వాగు, తెచ్చిన సన్నని బంకమట్టి ఉప్పునీటిలో కలవగానే ముద్దకట్టి దిగడం మొదలుపెడుతుంది. అంటే సముద్రం తనంతట తానే తేరుకోగలదు, అడుగును ఎవరూ కదిలించకపోతే.

కదిలించేది అల. మనలో చాలామంది అల ఎత్తును చూసి ఆగిపోతారు. ఎత్తు కంటే ముందు చూడవలసింది రెండు అలల మధ్య వ్యవధి. ఒడ్డుకు కాస్త దూరంలో కదలకుండా ఉన్న ఒక బండను ఎంచుకోండి. ఒక అల దానికి తగిలినప్పుడు గడియారం చూసి, ఆ తర్వాత పదో అల తగిలేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టి, పదితో భాగించండి. వచ్చిన అంకెను దానితోనే గుణించి, మళ్ళీ ఒకటిన్నరతో గుణిస్తే, లోతైన నీటిలో ఆ అల పొడవు మీటర్లలో సుమారుగా తెలుస్తుంది. ఆ పొడవులో సగం లోతు వరకు అల కదలిక చేరుతుంది.

ఇప్పుడు పోల్చి చూడండి. స్థానికంగా వీచే గాలికి లేచే 4 సెకన్ల అల పొడవు సుమారు 25 మీటర్లు. దాని కదలిక 12 మీటర్ల లోతుకు వచ్చేసరికి దాదాపు ఆరిపోతుంది. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో పుట్టి వచ్చే 12 సెకన్ల అల పొడవు 200 మీటర్లు దాటుతుంది. ఒడ్డున చూస్తే అది మోకాలెత్తే ఉండవచ్చు, ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉండవచ్చు. అయినా మనం దిగే ఎనిమిది మీటర్ల లోతులో అడుగునంతా అది ముందుకూ వెనక్కూ ఊడుస్తుంది. సముద్రం ప్రశాంతంగా ఉందనుకొని దిగి, కింద పాలలాంటి నీళ్ళు చూసి ఆశ్చర్యపోయేది ఇలాంటి రోజుల్లోనే. వ్యవధి 9 సెకన్లు దాటితే నేను సామాను బండిలోనుంచి దించను.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం పెద్ద అలలు దక్షిణ దిక్కు నుంచే వస్తాయి. కాబట్టి సముద్రంలోకి పొడుచుకొచ్చిన ప్రతి కొండ కొమ్ముకూ ఉత్తరపు పక్క కొంత చాటు దొరుకుతుంది. పట్టికలో కొమ్ముకు దక్షిణాన ఉన్న మచ్చలను వెనక్కి నెట్టి, ఉత్తరాన ఉన్నవాటిని ముందుకు తెచ్చుకోండి. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఈ లెక్క తారుమారవుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

గెడ్డలు కలిసే చోట్లను కొట్టేయండి. నగరపు మురుగు కూడా అవే మోసుకొస్తాయి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర వాన వెలిశాక ఒడ్డున నిలబడితే నీటికి మట్టిరంగు ఎలా ఎక్కుతుందో కళ్ళారా చూడవచ్చు. పెద్ద వాన పడ్డాక కనీసం మూడు రోజులు ఆగండి. నౌకాదళం, పోర్టు పరిధిలోని నీళ్ళు, డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టుపక్కల చోట్లు పట్టికలో ఉంటే ఇప్పుడే తీసేయండి. మిగిలినవాటి గురించి కూడా మెరైన్ పోలీసులను అడగకుండా ముందుకు వెళ్ళవద్దు.

ఇక నీటి తేటదనాన్ని కొలిచే పళ్ళెం సంగతి. 1865లో ఆంజెలో సెచ్చి అనే ఇటలీ శాస్త్రవేత్త తెల్లని పళ్ళేలను మధ్యధరా సముద్రంలోకి దించి, అవి ఎంత లోతులో కనుమరుగవుతాయో కొలిచాడు. నీటి నిర్మలత్వాన్ని కొలవడానికి ఈనాటికీ ఆ పద్ధతే వాడుతున్నారు. మనకు 30 సెంటీమీటర్ల స్టీలు పళ్ళెం చాలు. తెల్ల రంగు వేసి, అంచున మూడు రంధ్రాలు చేసి, నైలాన్ తాడు కట్టి, కింద సీసపు గుండు వేలాడదీయండి. తాడుకు అరమీటరుకు ఒక ముడి. తెలిసిన మత్స్యకారుల పడవలో వెళ్ళి, ఎండ బాగా వచ్చాక, పడవ నీడ పడే పక్క నుంచి నెమ్మదిగా దించండి.

భీమిలి వైపు నేను కొలిచిన ఒక ఉదయం ఇప్పటికీ కళ్ళ ముందుంది. రెండో ముడి దగ్గర పళ్ళెం ఇంకా తెల్లగానే ఉంది. నాలుగో ముడికి లేత జామకాయ రంగు వచ్చింది. ఆరో ముడికి అంచు కరిగిపోయి, మధ్యలో ఒక మసక చుక్క మిగిలింది. ఏడో ముడికి ఏమీ లేదు. పైకి లాగితే ఆరు దాటి కొద్దిగా పైన మళ్ళీ కనిపించింది. కనుమరుగైన లోతుకూ తిరిగి కనిపించిన లోతుకూ మధ్యది తీసుకోవాలి. మూడు మీటర్లు దాటింది. ఆ తీరంలో అది మంచి రోజు.

అయితే పళ్ళెం పైనున్న నీటి గురించే చెబుతుంది. ఈ సంగతి నేను కష్టపడి తెలుసుకున్నాను. ఒకసారి పైన నీలంగా ఉందని సంబరపడి దిగాను. చివరి రెండు మీటర్లలో నా చేతి గడియారం నాకే కనపడలేదు. కాలికి తెగిన వల చుట్టుకుంది. జోడీగా వచ్చిన మిత్రుడు నా భుజం వదలకపోవడం వల్ల, కత్తి అతని చేతికి అందేలా ఉండడం వల్ల బయటపడ్డాను. అప్పటినుంచి అడుగు మట్టిని చూడకుండా ఏ చోటునూ ఒప్పుకోను.

అందుకు పరీక్ష చాలా తేలిక. గుండు కింద కాస్త గ్రీజు రాసి అడుగుకు దించి పైకి తీయండి. గ్రీజు మీద గీతలు పడి శుభ్రంగా ఉంటే రాయి. ఇసుక అంటితే దానిని గోటితో గీకి గాజు సీసాలో సముద్రపు నీటితో కలిపి గిలకొట్టి బల్ల మీద పెట్టండి. గవ్వల ముక్కలున్న ముతక ఇసుక రెండు మూడు సెకన్లలో దిగుతుంది, పైన నీరు తేటగా ఉంటుంది. అలాంటి చోట ఫిన్ను, అంటే కాలికి తొడుక్కునే ఈత రెక్క, అడుగుకు తగిలినా భయం లేదు. అరగంట గడిచినా సీసా మసకగా ఉంటే అడుగు ఒండ్రు. దానిని ఒక్కసారి కదిపితే మీ డైవ్ అక్కడితో ముగిసినట్టే.

వేళ గురించి రెండు మాటలు. సముద్రపు గాలి లేవకముందు, అంటే పొద్దుటి పూట, నీరు నిలకడగా ఉంటుంది. ఇంట్లో పంచాంగం ఉంటే అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు చూసుకోండి. అప్పుడు పోటుకూ ఆటుకూ తేడా తక్కువ, నీటి లాగుడూ తక్కువ. ఆ రోజు పోటు నిండి ఆగే వేళకు చేరుకోవాలి. బయటి శుభ్రమైన నీరు ఒడ్డు దాకా వచ్చి నిలిచేది అప్పుడే. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళ ఈ రోజుకు పనికిరాదు.

జాలరి పెద్దలను తప్పక కలవండి. నాకు ఒక తాతగారు నేర్పినది ఏ మ్యాపులోనూ లేదు. “బాబూ, ఆ తాడిచెట్టు కొండ అంచుకు ఆనుకొని కనిపించే చోట ఆగు. అటువైపు గుడి గోపురం నీళ్ళ ట్యాంకు వెనక్కి పోవాలి. రెండూ కుదిరితే బండ నీ కిందే” అన్నారు. కుదిరింది. పట్టికలోని ప్రతి చోటుకూ ఇలా ఒడ్డు మీది గుర్తులు రెండు జతలు రాసుకోండి. మసక నీటిలో నుంచి పైకి తేలినప్పుడు ఎక్కడున్నామో చెప్పేవి అవే.

ఈ పక్షంలో ప్రతి చోటుకూ కనీసం మూడు ఉదయాలు వెళ్ళండి. నోటు పుస్తకంలో తేదీ, తిథి, పోటు వేళ, అలల వ్యవధి, గాలి దిక్కు, పళ్ళెం కనుమరుగైన ముడి, సీసా తేరుకోవడానికి పట్టిన సమయం రాయండి. నాలుగో ముడికి ముందే పళ్ళెం పోయిన చోటును ఆ రోజుకు వదిలేయండి. వచ్చే పాఠానికి వచ్చేటప్పుడు ఆ పుస్తకాన్నీ, ముళ్ళ తాడునూ, జోడీగా దిగే మనిషినీ వెంట తెచ్చుకోండి. ఆ తాడునే ఇద్దరి మణికట్లకూ కట్టుకొని మూడు మీటర్ల లోతులో మొదటిసారి దిగుదాం.