దేవుడు తోడున్నాడన్న ధైర్యాన్ని ఎక్కడున్నా నిలుపుకోవడం ఎలా?

ఆదివారం మందిరంలో అందరితో కలిసి పాడుతున్నప్పుడు ప్రభువు దగ్గరే ఉన్నాడని ఎవరికైనా అనిపిస్తుంది. అదే మనిషి అర్ధరాత్రి ఐసీయూ బయట స్టీలు కుర్చీలో కూర్చుని, "ఫలానా పేషెంటు తాలూకు ఎవరండీ?" అన్న పిలుపు కోసం తలుపు వైపు చూస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తుకే రాదు. గుర్తొచ్చినా మనసుకు ఆనదు. కోనసీమ నుంచి కువైట్ వెళ్లి పరాయి ఇంట్లో వంటపని చేస్తున్న తల్లికీ, హైదరాబాద్ హాస్టల్లో నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న కుర్రాడికీ, పిల్లలంతా అమెరికాలో ఉంటే ఊళ్లో ఒక్కడే మిగిలిన పెద్దాయనకీ ఇదే ఇబ్బంది. దేవుడు అంతటా ఉన్నాడని విశ్వాసులందరికీ తెలుసు. తెలిసిన ఆ మాట కష్టం వచ్చిన చోట అక్కరకు రావాలి.

దానికి ఒక పద్ధతి చెబుతాను. కావలసింది బైబిల్లోని 139వ కీర్తన. 24 వచనాలు, నిదానంగా పైకి చదివితే కొద్ది నిమిషాల పని. చదవడం రానివాళ్లు, కళ్లు సరిగ్గా కనిపించని పెద్దవాళ్లు ఫోనులో ఆడియో బైబిలు పెట్టుకుని వినవచ్చు.

1. ముందు విషయం సరిగ్గా తెలుసుకోండి

రాజైన సొలొమోను యెరూషలేములో మందిరం కట్టించి, ప్రతిష్ఠించిన రోజునే ఒక మాట అన్నాడు: ఆకాశ మహాకాశములే నిన్ను పట్టజాలవు, నేను కట్టించిన ఈ మందిరం ఏపాటిది? (1 రాజులు 8:27). అంత ఖర్చుపెట్టి కట్టినవాడే దేవుడు అందులో ఇమిడిపోడని ఒప్పుకున్నాడు. యిర్మీయా 23వ అధ్యాయంలో దేవుడే, భూమ్యాకాశాల నిండా నేను ఉన్నాను కదా అని అడుగుతాడు. ఏథెన్సులో అపొస్తలుడైన పౌలు, విగ్రహాల మధ్య నిలబడి, ఆయన మనలో ఎవరికీ దూరంగా ఉండేవాడు కాడని ప్రకటించాడు (అపొ. కార్యములు 17:27).

అంటే చెట్టూ పుట్టా దేవుడేనని బైబిలు చెప్పడం లేదు. సృష్టి వేరు, సృష్టికర్త వేరు. అయితే ఆయన లేని చోటు సృష్టిలో లేదు. దీనికి తోడు తన ప్రజలకు ఆయన ప్రత్యేకంగా ఇచ్చిన మాట ఒకటుంది. శిష్యులను లోకమంతటికీ పంపిస్తూ యేసు, యుగసమాప్తి వరకు సదాకాలము మీతో కూడ ఉన్నానని చెప్పాడు (మత్తయి 28:20). మీకు ఎలా అనిపిస్తోందన్న దానితో ఈ మాటకు సంబంధం లేదు. కన్నీళ్లు వచ్చినా రాకపోయినా, ప్రార్థనలో ఒళ్లు పులకరించినా పులకరించకపోయినా ఆ మాట అలాగే ఉంటుంది. మన కూడికల్లో అనుభూతికి ఎంత విలువ ఇస్తామో ఈ వాగ్దానానికి అంతకన్నా ఎక్కువ ఇవ్వాలని నా గట్టి నమ్మకం. అనుభూతి మీద ఆనుకున్నవాళ్లు అది తగ్గిన రోజున, దేవుడే వెళ్లిపోయాడని కుంగిపోతున్నారు.

2. "దేవుడు చూస్తున్నాడు" అన్న మాటను భయం నుంచి విడిపించండి

సండే స్కూల్లో మనలో చాలామంది ఈ మాటను బెదిరింపుగానే విన్నాం. అల్లరి చేస్తే దేవుడు చూస్తున్నాడు, అబద్ధమాడితే దేవుడు చూస్తున్నాడు. అలా పెరిగినవాళ్లకు దేవుడు అంతటా ఉన్నాడంటే ఆదరణ ఎలా కలుగుతుంది? గుండె దడే కలుగుతుంది. అందుకే ఆదికాండము 16, 21 అధ్యాయాలు చదవండి.

హాగరు ఐగుప్తు దేశస్థురాలు, అబ్రాము (తర్వాత అబ్రాహాము) భార్య శారయి ఇంట్లో దాసి. తన ఒంటి మీద తనకే హక్కు లేని బతుకు. గర్భవతిగా ఉన్నప్పుడు యజమానురాలు శ్రమపెడితే తట్టుకోలేక అరణ్యంలోకి పారిపోయింది. షూరు మార్గంలో ఒక నీటి బుగ్గ దగ్గర యెహోవా దూత ఆమెను పేరు పెట్టి పిలిచి, ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. కథలో అప్పటిదాకా అబ్రాము గానీ శారయి గానీ ఆమెను పేరుతో పిలిచినట్టు కనిపించదు. చూచుచున్న దేవుడవు నీవే అని హాగరు ఆయనకు పేరు పెట్టింది. బైబిల్లో దేవునికి ఇలా పేరు పెట్టిన మొదటి మనిషి ఈ పరదేశి పనిమనిషే. రెండోసారి, బెయేర్షెబా అరణ్యంలో తిత్తిలో నీళ్లు అయిపోయి, పిల్లవాడి చావు చూడలేనని వింటివేత దూరంలో కూర్చుని ఆమె ఏడ్చినప్పుడూ దేవుడు ఆ చిన్నవాని మొర విన్నాడు, ఆమెకు నీళ్ల ఊట కనిపించేలా చేశాడు.

ఆయన చూపు ఇలాంటిది. ఈ అధ్యాయాలు చదివాక 139వ కీర్తన మొదటి ఆరు వచనాలు చదవండి. నేను కూర్చోవడం, లేవడం, నా నడక, నా పడక, అన్నీ నీకు తెలుసని కీర్తనకారుడు దావీదు అంటున్నది తప్పు దొరికిపోయినవాడి గొంతుతో కాదని తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. దేవుడు చూస్తున్నాడు కాబట్టి దెబ్బలు తింటూ ఉండమని ఎవరైనా మీకు బోధిస్తే వినవద్దు. పనిచేసే ఇంట్లో గానీ కాపురంలో గానీ హింస ఉంటే అక్కడి నుంచి బయటపడండి. పరాయి దేశంలో ఉన్నవాళ్లు భారత రాయబార కార్యాలయానికి కబురు పెట్టండి, నమ్మకమైన విశ్వాసులకు చెప్పండి. హాగరుకు ఊట చూపించిన దేవుడు బయటపడే దారిలోనూ తోడుంటాడు.

3. కీర్తనలో మీరున్న చోటు పేరు చేర్చండి

పద్ధతిలో అసలు భాగం ఇదే, కాబట్టి నిదానంగా చేయండి.

7 నుంచి 12 వరకు వచనాలు తీయండి. అందులో దావీదు చోట్లను ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోతాడు. ఆకాశం, పాతాళం, సముద్ర దిగంతాలు, చీకటి. అన్నీ మనిషి వెళ్లగలిగిన చివరి అంచులు. ప్రతి అంచు దగ్గరా ఆయన కనుక్కున్నది ఒకటే: "నీవు అక్కడను ఉన్నావు."

ఒకసారి ఉన్నది ఉన్నట్టుగా పైకి చదవండి. రెండోసారి మీరున్న చోటు పేరు పెట్టి చదవండి. ఉత్తినే "కష్టాల్లో", "శ్రమల్లో" అనకండి. గోడ రంగుతో సహా చెప్పండి. "ప్రభువా, ఈ మూడో అంతస్తు వరండాలో, ఫినాయిల్ వాసన కొడుతున్న ఈ కుర్చీలో కూర్చున్నాను. నీవు ఇక్కడను ఉన్నావు. ఆ అద్దం తలుపు అవతల, నన్ను లోపలికి రానివ్వని చోట మా నాన్న ఉన్నాడు. నీవు అక్కడను ఉన్నావు." రెండో మాట మరిచిపోవద్దు. మనం వెళ్లలేని చోట మనవాళ్లు ఉన్నప్పుడు ఆదరణంతా అందులోనే ఉంది. కువైట్‌లో ఉన్న తల్లి ఈ వంటగదిలో నాతో ఉన్నావని చెప్పుకుని, ఊళ్లో నా బిడ్డ పరీక్ష రాస్తున్న బల్ల దగ్గరా ఉన్నావని చెప్పుకోవచ్చు. మధ్యలో సముద్రం ఉంది కదా అంటే, 9వ వచనంలో దావీదు ఆ సముద్రాన్ని ముందే లెక్కలోకి తీసుకున్నాడు.

ఆ తర్వాత 10వ వచనం దగ్గర ఆగండి. అక్కడను నీ చేయి నన్ను నడిపించును, నీ కుడిచేయి నన్ను పట్టుకొనును. ఆయన ఉండటం ఊరికే ఉండటం కాదన్నమాట. నడిపిస్తాడు, పట్టుకుంటాడు. ఆ రోజు చేయవలసిన ఒక్క పనిలో నడిపించమని అడగండి. డాక్టరుతో మాట్లాడటం కావచ్చు, అప్పు ఇచ్చినవాళ్లకు ఫోను చేయడం కావచ్చు.

కాగితం మీద రాసుకోవడం అలవాటున్నవాళ్లు ఈ వారం ఎక్కడెక్కడ భయపడ్డారో ఆ చోట్లు రాసుకుని, ఒక్కొక్కదాని పక్కన ఈ మాట చేర్చుకోండి. కోర్టు వరండా, ల్యాబులో రిపోర్టులు ఇచ్చే కిటికీ, అత్తగారిల్లు, ఖాళీ ఇల్లు. ఎవరికీ చూపించనక్కర్లేదు.

19 నుంచి 22 దాకా వచనాలు దుష్టుల మీద కోపంతో ఉంటాయి. చాలామంది వాటిని దాటేస్తారు. అన్యాయానికి గురైనవాళ్లు దాటనక్కర్లేదు. ఆ కోపాన్ని దేవుని ముందు పెట్టి, 23వ వచనంలో దావీదు చేసినట్టు, నా హృదయాన్ని కూడా పరిశోధించమని అడగండి.

4. పని మధ్యలో గుర్తు చేసుకునే అలవాటు చేసుకోండి

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైట్ (కాథలిక్ సన్యాసుల) మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. ఒకప్పుడు సైనికుడు. మఠంలో ఆయనకు దొరికింది వంటింటి పని, అది ఆయనకు ఇష్టమైన పనేమీ కాదు. ఆ గిన్నెల చప్పుడులోనే, మోకాళ్ల మీద ఉన్నప్పటిలాగే దేవునితో మాట్లాడుతూ ఉండటం సాధన చేశాడు. 1691లో చనిపోయాడు. చర్చిలో పదవి లేని ఆ వంటమనిషి మాటలు ఇప్పటికీ విశ్వాసులు చదువుకుంటున్నారు.

మీరు రోజూ ఎలాగూ చేసే పనుల్లో రెండు మూడింటికి చిన్న ప్రార్థన జోడించండి. గడప దాటేటప్పుడు, స్టవ్ వెలిగించేటప్పుడు, బండి తాళం తిప్పేటప్పుడు. "వెనుకను ముందును నీవు నన్ను ఆవరించియున్నావు" అన్న 5వ వచనం చాలు. మరిచిపోయిన రోజున మళ్లీ మొదలుపెట్టండి, అంతే.

5. ఏమీ అనిపించని రోజున మొర పెట్టండి

ఇవన్నీ చేసినా ఆకాశం మూసుకుపోయినట్టుండే రోజులు ఉంటాయి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు అవి నెలలు, ఏళ్లు కూడా. అలాంటివాళ్ల దగ్గరికెళ్లి మీ విశ్వాసం చాలలేదనడం పాపం. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది, చివర్లో స్తుతి లేదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. సిలువ మీద యేసే 22వ కీర్తన మొదటి మాటతో కేక వేశాడు: నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు? ఆ కేకలోనూ "నా దేవా" అనే పిలిచాడు.

కరెంటు పోయిన రాత్రి పక్కలో పడుకున్న పిల్ల "అమ్మా, ఉన్నావా?" అని అడుగుతుంది. అలా అడిగినందుకు ఏ తల్లీ కోప్పడదు. మీరూ అడగండి. ప్రార్థన రాకపోతే 88వ కీర్తననే మీ ప్రార్థనగా చదవండి. నిద్రాహారాలు పోయి, బతకాలనిపించని స్థితి ఉంటే పాస్టరు గారితో పాటు డాక్టరును కూడా కలవండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

యాకోబు సంగతి కూడా గుర్తుంచుకోండి. అన్న కోపానికి భయపడి హారానుకు పారిపోతూ, దారిలో రాయి తలకింద పెట్టుకుని పడుకున్న రాత్రి, నీవు వెళ్లే ప్రతి చోటా నిన్ను కాపాడతానని దేవుడు మాట ఇచ్చాడు. లేచి అతను అన్నది, "నిశ్చయముగా యెహోవా ఈ స్థలమందున్నాడు, అది నాకు తెలియకపోయెను." ఆ వాగ్దానం పొందాక కూడా ఇరవై ఏళ్లు మామ ఇంట్లో కొలువు చేశాడు. ఆ మామ లాబాను పదిసార్లు జీతం మార్చాడు. గల్ఫ్‌లో జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గర పనిచేసినవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఇరవై ఏళ్లూ దేవుడు తోడున్నాడని చివర్లో యాకోబే సాక్ష్యం చెప్పాడు (ఆదికాండము 31:42).

6. నిద్ర పట్టనప్పుడు

ఫోను పక్కన పెట్టేసి 139వ కీర్తనలోని 12వ, 18వ వచనాలు తలుచుకోండి. చీకటీ వెలుగూ ఆయనకు ఒక్కటే. నేను మేల్కొంటినా ఇంకను నీయొద్దనే యుందును. కంఠస్థం చేస్తే లైటు వేయనక్కర్లేదు.

7. మరొకరి పక్కన వెళ్లి కూర్చోండి

దేవుడు అంతటా ఉన్నాడు కదా, సంఘంతో పనేముందని కొందరు అంటారు. ఇద్దరు ముగ్గురు తన నామమున కూడిన చోట తాను ఉంటానని చెప్పింది కూడా ఆ ప్రభువే. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం కాబట్టి మనవాళ్లు చాలామంది ఆ రోజే ఆరాధనకు కూడుకుంటారు. సెలవు దొరకనివాళ్లు ఇంటివాళ్లతో ఫోనులో కుటుంబ ప్రార్థన చేసుకోవచ్చు. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ సాయంత్రం ఆరు. రోజూ కుదరకపోతే వారానికి ఒక్కరోజు ఖాయం చేసుకోండి.

మీకు కాస్త ఊపిరి ఆడుతున్న రోజున, ఊపిరి ఆడని వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఆస్పత్రికి వెళ్తే ఫోను ఛార్జరు, నీళ్ల సీసా, ఇంట్లో వండిన అన్నం పట్టుకెళ్లండి. "అంతా మంచికే", "దేవుడు పరీక్షిస్తున్నాడు" అనవద్దు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపూ బాగానే చేశారు, నోరు విప్పాకే అతన్ని గాయపరిచారు. కాసేపు కూర్చుని, వాళ్లు సరేనంటే 139వ కీర్తనలోంచి 7 నుంచి 10 వచనాలు చదివి, రోగి పేరు, వార్డు పేరు చేర్చి నాలుగు మాటల్లో ప్రార్థన చేయండి. మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు తప్పకుండా వెళ్లండి.